లాంగ్‌యియర్‌బ్యెన్ నుంచి న్యూ-ఆలెసుండ్: 110 కిలోమీటర్లకు ఏడు రాత్రులు

విశాఖపట్నం నుంచి శ్రీకాకుళం ఎంత దూరమో, ఉత్తర ధ్రువానికి దగ్గర్లో నార్వేకి చెందిన స్వాల్బార్డ్ దీవుల్లో లాంగ్‌యియర్‌బ్యెన్ నుంచి న్యూ-ఆలెసుండ్ ఇంచుమించు అంతే. పక్షి ఎగిరినట్టు కొలిస్తే 110 కిలోమీటర్లు. చిన్న విమానంలో 25 నిమిషాలు. రోడ్డు లేదు. ఆ దీవుల్లో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి రోడ్డనేదే లేదు. ఇంట్లో కూర్చుని ప్రయాణం పట్టిక రాసుకున్నప్పుడు ఈ చివరి ముక్కకి నేను ఒక్క పూట కేటాయించాను. 2025 మార్చి 24న లాంగ్‌యియర్‌బ్యెన్‌లో దిగాను. న్యూ-ఆలెసుండ్ చేరింది మార్చి 31న. మధ్యలో ఏం జరిగిందో రాస్తున్నాను. మన వాళ్ళెవరైనా పరిశోధన కోసం ఆ దారి పట్టేట్టయితే పనికొస్తుంది. నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండుననిపించిన సంగతులే ఇవన్నీ.

నేను గాలిలోని నల్లమసి మీద పని చేస్తాను. వాహనాల పొగ, పొలాల్లో గడ్డి కాల్చిన పొగ, అడవుల మంటలు, వీటిలోంచి ఎంత మసి ఉత్తర ధ్రువం దాకా చేరుతోందో కొలవడం మా పని. న్యూ-ఆలెసుండ్‌లో 2008 నుంచి మన దేశానికి హిమాద్రి అనే పరిశోధన కేంద్రం ఉంది. ఊళ్ళో గ్రూవెబాడెట్ అనే ప్రయోగశాలలో మా పరికరం నడుస్తుంటుంది. ఒకప్పుడు అది బొగ్గు గని కార్మికుల స్నానాల గది. పరికరం పంపు బలహీనపడింది. దాన్ని మార్చి, వడపోత టేపు చుట్ట మార్చి, నాలుగు వారాలు కనిపెట్టుకుని ఉండాలి. నాకంటే ముందు అక్కడ ఉన్న సహోద్యోగిది కర్ణాటకలోని ధార్వాడ. నేను 27వ తేదీ గురువారం చేరితే, నాలుగు రోజులు నాకు పని చూపించి ఆయన 31 సోమవారం విమానంలో బయల్దేరాలి. ఆ నెలలో వారానికి రెండే విమానాలు, సోమవారం ఒకటి, గురువారం ఒకటి.

వీసా దగ్గర మొదలుపెడతాను. స్వాల్బార్డ్‌కి వీసా అక్కర్లేదని అందరూ చెబుతారు. మాట నిజమే. కానీ అక్కడికి వెళ్ళేది నార్వే మీదుగా, నార్వే షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాల కూటమిలో ఉంది, స్వాల్బార్డ్ లేదు. అంటే నార్వే ఉత్తర భాగంలోని ట్రోమ్సో ఊళ్ళో పాస్‌పోర్టు తనిఖీ దాటిన క్షణం మనం షెంగెన్ దాటి బయటికి వెళ్ళినట్టు లెక్క. తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ కొత్తగా లోపలికి రావాలి. ఒక్కసారి ప్రవేశానికి ఇచ్చిన వీసా పట్టుకెళ్తే వెనక్కి వచ్చే దారి మూసుకుపోతుంది. నా దరఖాస్తు నింపిన వాళ్ళు ఒక్కసారి అనే గడిలోనే టిక్కు పెట్టారు. కౌంటర్ ముందు వరసలో నిలబడి ఊసుపోక చదువుతుంటే కంటపడింది. ఒళ్ళు చల్లబడింది. అక్కడికక్కడే కొత్త ఫారం నింపాను. జనవరి 27న ఇచ్చాను, ఫిబ్రవరి 19న పాస్‌పోర్టు చేతికొచ్చింది. రుసుము 90 యూరోలు, సేవా రుసుము వేరే.

ఇక బరువు. న్యూ-ఆలెసుండ్ విమానానికి మాకు చెప్పిన హద్దు 20 కిలోలు, చేతిసంచితో కలిపి. దేశాలు దాటించే పెద్ద విమానాల్లో నాకు 30 కిలోలు ఉంది. ఆ పది కిలోల తేడా గురించి ఎవరూ గట్టిగా చెప్పరు, టికెట్ కాగితంలో ఒక మూల ఉంటుంది. పంపు, టేపు చుట్టలు, పనిముట్లు ఉన్న గట్టి ప్లాస్టిక్ పెట్టె ఒక్కటే 11 కిలోలు. మిగిలిన తొమ్మిదిలో లాప్‌టాప్ పోను నాలుగు వారాల బతుకు ఇమడాలి. ధ్రువ ప్రాంతపు పెద్ద కోటూ బూట్లూ సంస్థ ఇస్తుంది, ఒంటికి అంటుకునే ఉన్ని బట్టలు మనవే. మా ఇంట్లో హాలు మధ్యలో బరువు తూచే మిషను పెట్టుకుని రెండు రోజులు కూర్చున్నాను. ఆవకాయ సీసా వెళ్ళింది, వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. చివరికి మిగిలిపోయింది. అమ్మ మాత్రం మూడు చిన్న పొట్లాలు తెచ్చి మేజోళ్ళలో దూర్చింది. కిందటేడు ఎండబెట్టిన వేప పువ్వు, పావు కిలో బెల్లం, గుప్పెడు కొత్త చింతపండు. “30న ఉగాది. ఆ రోజుకి నువ్వు అక్కడుంటావు కదే” అంది. 40 గ్రాముల వేప పువ్వు కోసం నేను ఒక జత మేజోళ్ళు తీసేశాను.

మార్చి 22 శనివారం బయల్దేరాను. హైదరాబాదు, గల్ఫ్, ఓస్లో. ఓస్లోలో ఒక రాత్రి. 24 ఉదయం ట్రోమ్సో మీదుగా లాంగ్‌యియర్‌బ్యెన్. ట్రోమ్సోలో అందర్నీ చేతిసంచులతో దింపి, పాస్‌పోర్టు చూసి, మళ్ళీ అదే విమానం ఎక్కిస్తారు. నిద్రమత్తులో పాస్‌పోర్టు సీటు జేబులో వదిలేసి దిగిన వాళ్ళని చూశాను, అలా చేయకండి. అక్కడి నుంచి సముద్రం మీద 950 కిలోమీటర్లకు పైనే, గంటా నలభై నిమిషాల్లో అయిపోయింది. ఆ అంకెలే నన్ను మోసం చేశాయి. 950 కిలోమీటర్లు అంత సులువుగా దాటినప్పుడు 110 ఒక లెక్కా అనుకున్నాను.

లాంగ్‌యియర్‌బ్యెన్ విమానాశ్రయం బయట ఊళ్ళ దూరాలు రాసిన బాణపు గుర్తుల స్తంభం ఉంది, దాని దగ్గర అందరూ ఫొటోలు దిగుతారు. అక్కడి నుంచి ఉత్తర ధ్రువం సుమారు 1,300 కిలోమీటర్లే. నేను మాత్రం లోపలే సామాను బెల్టు ముందు నిలబడి ఉన్నాను. నా బట్టల సంచి వచ్చింది. పెట్టె రాలేదు.

బెల్టు ఆగిపోయి, హాలు ఖాళీ అయ్యాక వచ్చే ఆ నిశ్శబ్దం ఎలా ఉంటుందో అనుభవించిన వాళ్ళకే తెలుస్తుంది. ఆ పెట్టె లేకపోతే నేను అక్కడికి వెళ్ళడంలో అర్థమే లేదు. కౌంటర్ అమ్మాయి ఓపిగ్గా నంబరు రాసిచ్చింది. మధ్యలో మారే చోట ఎక్కడో ఆగిపోయింది, అంతవరకే తెలిసింది. నేను మూడు రోజులు ముందు రావడం మంచిదైంది. ఇంతకుముందు వెళ్ళొచ్చిన సీనియర్ ఒకాయన, “నువ్వు ముందు రావడం నీ కోసం కాదు, నీ సామాను కోసం” అన్నారు. అప్పుడు మాటవరసకి అన్నారనుకున్నాను. 25వ తేదీ రాలేదు. 26 సాయంత్రం విమానంలో వచ్చింది. టాక్సీ వెనక సీట్లో దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఇంటి దగ్గర పసిపిల్లని ఎత్తుకున్నట్టే ఉంది. అప్పుడు మైనస్ 17 డిగ్రీలు.

వసతి ఖర్చు ముందే చెప్పేస్తాను. మార్చి అక్కడ రద్దీ కాలం. చలికాలపు చీకటి తర్వాత సూర్యుడు తిరిగొస్తాడు, మంచు బళ్ళ మీద తిరిగే జనం వస్తారు. ఉమ్మడి వంటిల్లు, ఉమ్మడి స్నానాల గది ఉన్న అతిథి గృహంలో ఒక గది రాత్రికి 1,400 క్రోనర్లు పడింది. మన డబ్బుల్లో పదకొండు వేలకు పైమాటే. మూడు రాత్రులకు బుక్ చేసుకున్నాను. ఏడు రాత్రులు ఉన్నాను. అదనపు నాలుగు రాత్రుల డబ్బు ముందు నా కార్డు నుంచే పోయింది. ప్రాజెక్టు నుంచి తర్వాత వచ్చింది, విమానం రద్దయినట్టు వచ్చిన ప్రతి సందేశాన్నీ బిల్లుతో పాటు జత చేశాను కాబట్టి. ఆ సందేశాలు చెరిపేయకండి.

27 గురువారం. న్యూ-ఆలెసుండ్ విమానం ఎక్కేది ప్రయాణికుల టెర్మినల్ నుంచి కాదు, పక్కన ఉన్న హ్యాంగర్ నుంచి. అందరూ కలిపి పది పన్నెండు మంది. జర్మన్లు, ఇటలీ వాళ్ళు, ఒక నార్వే వడ్రంగి. తలుపు తోసుకుని లోపలికి వెళ్ళగానే ఎదురుగా ఉన్న విమానాన్ని చూసి నా కాళ్ళు ఆగిపోయాయి. డోర్నియర్. పైన రెక్క, రెండు పంకాలు, మొనదేలిన ముక్కు. విశాఖలో ఐ.ఎన్.ఎస్. డేగాలో నౌకాదళానికి ఉన్నవి ఇవే డోర్నియర్ 228లు. కాన్పూర్‌లో మన ప్రభుత్వ విమానాల సంస్థ హెచ్.ఎ.ఎల్. తయారు చేస్తుంది. మర్రిపాలెంలో మా మేడ మీద చదువుకుంటుంటే రోజూ తల మీంచి వెళ్ళేవి. పరీక్షల రోజుల్లో ఆ మోతని ఎంత తిట్టుకున్నానో. ఇక్కడ, 78 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర, మంచులో నిలబడి అదే ముక్కు నన్ను చూస్తోంది. తెలిసిన మనిషి ఎదురైనట్టయింది.

సామాను తూచారు. నాది 20 కిలోల 300 గ్రాములు. తూకం దగ్గరున్న ఆయన పెట్టె వైపు, నా వైపు చూసి తల ఊపి పంపేశాడు. అయినా ఆ రోజు ఎగరలేదు. పది గంటలకి వెళ్ళాలి. పదకొండుకి చెబుతామన్నారు, పదకొండుకి పన్నెండున్నర అన్నారు. లాంగ్‌యియర్‌బ్యెన్‌లో కొద్దిపాటి గాలి, అంతే. కానీ అటువైపు, కాంగ్స్‌ఫ్యోర్డ్ ఒడ్డున, మంచు తుపాను. ఫ్యోర్డ్ అంటే కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ. న్యూ-ఆలెసుండ్‌లో ఉన్నది గులకరాళ్ళ రన్‌వే, 800 మీటర్లకు కాస్త పైన. గాలి అడ్డంగా కొడితే అక్కడ దిగడం కుదరదు. రెండు గంటలకి రేపటికి వాయిదా అన్నారు. అందరూ సంచులు భుజాన వేసుకుని లేచారు. ఎవరూ విసుక్కోలేదు, ఎవర్నీ నిలదీయలేదు. నాకు అదే ఆశ్చర్యం. నా పక్కనున్న వడ్రంగి బూట్ల తాళ్ళు కట్టుకుంటూ, “రేపు కాకపోతే సోమవారం” అన్నాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది, ఎందుకంటే సోమవారం మా సహోద్యోగి వెళ్ళిపోయే రోజు. ఆయన వీసా గడువు, ముందు టికెట్లు, అన్నీ దాని మీదే ఉన్నాయి.

28 శుక్రవారం ఎగిరాం. 11:40కి.

ఆ యాత్ర గురించి కొంచెం నెమ్మదిగా రాయాలి. గాలి ఒత్తిడి సర్దే ఏర్పాటు లేని విమానం, ఎక్కువ ఎత్తుకు వెళ్ళదు. ఈస్‌ఫ్యోర్డ్ నీళ్ళు సగం నల్లగా, సగం మంచు పలకలుగా కిందుగా జరిగిపోయాయి. తర్వాత కొండలు. ఆ తర్వాత నేల అనేది పోయి, మంచు మాత్రమే మిగిలింది. హిమానీనదాలు కొండల మధ్య పాలు పొంగి గట్టుమీద కారినట్టు ఉన్నాయి. సూర్యుడు తక్కువ ఎత్తులో ఉన్నాడు కాబట్టి ప్రతి మడతకీ పొడుగాటి నీలం నీడ. పదిహేను నిమిషాల్లో న్యూ-ఆలెసుండ్ వాళ్ళు కిటికీలకి అతుక్కున్నారు. మూడు కిరీటాలని పిలిచే మూడు శిఖరాలు, స్వేయా, నోరా, దానా, మబ్బులోంచి నెత్తిలు మాత్రం బయటపెట్టి కనిపించాయి. వాటి కింద ఫ్యోర్డ్ ఉండాలి, దాని ఒడ్డున ఊరు ఉండాలి. అక్కడ పరుపు పరిచినట్టు తెల్లటి మబ్బు ఉంది.

విమానం ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టు. ఒకచోట మబ్బు చిరిగి నల్లటి నీళ్ళు, ఎర్ర రంగు వేసిన ఇల్లు ఒకటి కనిపించాయి. గుండె గొంతులోకి వచ్చింది. నా ముందు సీటు ఇటలీ అమ్మాయి ముందుకు వంగింది. అంతలోనే మూసుకుపోయింది. మూడో చుట్టు తర్వాత రెక్క పైకి లేచింది, సూర్యుడు ఎడమ కిటికీ నుంచి కుడి కిటికీకి మారాడు. వెనక్కి తిరిగామని ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. లాంగ్‌యియర్‌బ్యెన్‌లో మళ్ళీ దిగేసరికి గాలిలో ఉన్నది మొత్తం 58 నిమిషాలు. న్యూ-ఆలెసుండ్ నుంచి నేను రెండు మూడు కిలోమీటర్ల ఎడంలో ఉండి వచ్చేశాను.

హ్యాంగర్‌లో ఏడుపు వచ్చింది. ఆ మాట దాచను. ఎక్కడికో చేరాలని రెండు నెలలు తాపత్రయపడి, దాన్ని కంటితో చూసి వెనక్కి రావడం, వెళ్ళకుండా ఆగిపోవడం కంటే కష్టం. ఇటలీ అమ్మాయి చాక్లెట్ ముక్క విరిచి ఇచ్చింది. తను ఇలా తిరిగి రావడం మూడోసారట.

శని, ఆదివారాలు విమానం లేదు. ఇక గది బేరం పొడిగించుకోవాలి. నా గది శనివారం రాత్రి వేరే వాళ్ళకి బుక్ అయి ఉంది, అదే ఇంట్లో మెట్ల కింద ఉన్న చిన్న గదిలోకి మారాను. రేటు మాత్రం అదే. మీరు వెళ్తే, బయల్దేరే తేదీ తర్వాత రెండు మూడు రాత్రులు రద్దు చేసుకునే వీలుతో ముందే పట్టుకోండి.

29న పాక్షిక సూర్యగ్రహణం. మన దేశంలో కనిపించలేదు, అక్కడ కనిపించింది. మధ్యాహ్నం వీధిలో నలుగురు నల్లద్దాలు పెట్టుకుని నిలబడితే నాకూ ఒకసారి ఇచ్చారు. మబ్బు సందున సూర్యుడి అంచు కొరికిన అప్పడంలా ఉంది. అమ్మకి ఫోన్లో చెప్పాను. “ఇక్కడ లేదు గానీ నీకు ఉంది కదా, విడిచేదాకా ఏమీ తినకు” అంది. నేను అప్పటికే తిన్నానని చెప్పలేదు.

ఎదురుచూపు అక్కడ వింతగా ఉంటుంది, ఎందుకంటే పగలు కళ్ళముందే సాగిపోతూ ఉంటుంది. ఆ రోజుల్లో లాంగ్‌యియర్‌బ్యెన్‌లో రోజుకి పావుగంట పైగా పగలు పెరుగుతుంది. నేను ఉన్న ఏడు రోజుల్లోనే దాదాపు రెండు గంటలు పెరిగింది. మొదటి రాత్రి చీకట్లో చూసిన కిటికీ ఎదుటి కొండ, చివరి రాత్రి అదే సమయానికి బూడిద రంగులో తేలి కనిపించింది. నిద్ర చెడింది. మా ఇంటికీ నాకూ మధ్య గడియారం తేడా కూడా మారింది. 30 తెల్లవారుజామున నార్వే అంతటా గడియారాలు ఒక గంట ముందుకి జరిపారు. నాలుగున్నర గంటల తేడా మూడున్నర అయింది. ఆ ఒక్క గంట ఇంటికి దగ్గరయినట్టు అనిపించింది.

30 ఆదివారం, విశ్వావసు నామ సంవత్సర ఉగాది. పచ్చడి హిమాద్రిలో చేద్దామనుకున్నది లాంగ్‌యియర్‌బ్యెన్ ఉమ్మడి వంటింట్లో చేయాల్సి వచ్చింది. మామిడికాయ లేదు. దుకాణంలో పుల్లటి పచ్చ ఆపిల్ ఒకటి కొన్నాను. ఉప్పు, మిరియాల పొడి వంటింట్లోవే. చింతపండు నానబెట్టి, బెల్లం పొయ్యి పక్కన పెట్టి మెత్తబడ్డాక కలిపాను. వేప పువ్వు బాణలిలో వేసి సన్నటి సెగ మీద వేయిస్తున్నాను. చేదు వాసన గదంతా నిండింది. నడవాలో నేల తుడుస్తున్నావిడ తలుపు దగ్గర ఆగిపోయింది. థాయ్‌లాండ్ ఆవిడ. ఆ ఊళ్ళో థాయ్ వాళ్ళు చాలామందే ఉన్నారు. చేతిలో కర్ర గోడకి ఆనించి, లోపలికి వచ్చి, బాణలి మీదికి వంగి గుండెల నిండా పీల్చింది. “సదావ్!” అంది. నాకు అర్థం కాలేదు. ఒక పువ్వు తీసి నాలుక మీద పెట్టుకుని కళ్ళు మూసుకుంది. వాళ్ళ దగ్గరా వేప చెట్టు ఉంటుందట, లేత చిగుళ్ళూ పువ్వులూ ఉడకబెట్టి, చింతపండూ తాటిబెల్లం కలిపిన తియ్యటి పులుసులో ముంచుకుని తింటారట. మా ఇద్దరికీ ఉన్నది కొద్దిపాటి ఇంగ్లీషే. అయినా ఆ గిన్నె గురించి చెప్పుకోవడానికి ఏదీ అడ్డం రాలేదు. ఉగాది పచ్చడి రెండు చెంచాలు తిని, మూడోది అడిగి మరీ తింది. పువ్వు ఎక్కువ వేసి ఉండాల్సింది అంది. ఆ వారం మొత్తంలో నేను మనస్ఫూర్తిగా నవ్వింది అప్పుడే.

మిగిలిన వేప పువ్వూ బెల్లం ముక్కా కాగితంలో చుట్టి కోటు జేబులో పెట్టుకున్నాను.

31 సోమవారం. పది గంటల విమానం. మళ్ళీ హ్యాంగర్, అవే ముఖాలు, ఇప్పుడు అందరం పేర్లు పెట్టి పిలుచుకుంటున్నాం. మబ్బు తీసే దాకా ఆగాలన్నారు. ఈ విమానానికి ముందు చేయాల్సిన పని ఒకటుంది. న్యూ-ఆలెసుండ్‌లో రేడియో నిశ్శబ్దం పాటిస్తారు. అక్కడి భూమాపన రేడియో దుర్భిణులు ఎక్కడో విశ్వం అంచుల నుంచి వచ్చే బలహీనమైన సంకేతాలు పట్టుకుంటాయి, మన ఫోన్ వైఫై, బ్లూటూత్ వాటికి చెవిలో అరిచినట్టు. ఫోను విమానం మోడ్‌లో పెడితే చాలదు, దానిలో వైఫై, బ్లూటూత్ విడిగా ఆపాలి. చేతి గడియారం, చెవుల్లో పెట్టుకునేవి, లాప్‌టాప్, అన్నీ. ఇంటర్నెట్ ఉంటుంది, తీగతోనే. లాప్‌టాప్‌కి తీగ పెట్టే రంధ్రం లేకపోతే దానికి అతికే చిన్న ముక్క ఇక్కడే కొనుక్కుని వెళ్ళండి. అమ్మకి ఆఖరి సందేశం పెట్టాను, “ఫోను ఆపేస్తున్నా, సాయంత్రం లాప్‌టాప్‌లో మాట్లాడతా” అని. వెంటనే జవాబొచ్చింది. “వెళ్ళేదాకా వెళ్ళినట్టు కాదు.” నాలుగు రోజుల్లో అమ్మ కూడా నేర్చేసుకుంది.

1:20కి లేచాం. ఈసారి కాంగ్స్‌ఫ్యోర్డ్ మీద మబ్బు ముక్క లేదు. నీళ్ళు, ఒడ్డు, రంగురంగుల ఇళ్ళు, అద్దంలో చూసినట్టు. చక్రాలు గులకరాళ్ళని తాకినప్పుడు గరగరమని పెద్ద శబ్దం. గడియారం చూశాను. 24 నిమిషాలు.

తలుపు తెరవగానే మెట్ల కింద ధార్వాడ సర్ నిలబడి ఉన్నారు. ఊలు టోపీ, గడ్డం మీద ఊపిరి గడ్డకట్టిన తెలుపు, భుజానికి సంచి. ఇదే విమానంలో ఆయన వెళ్ళాలి. సామాను దించి, ఎక్కించి, తిరిగి లేవడానికి 35 నిమిషాలు. నాలుగు రోజుల్లో చూపించాల్సిన పని ఆ 35 నిమిషాల్లో చెప్పాలి. పలకరింపులు లేవు. ఊళ్ళోకి తీసుకెళ్ళే వ్యాను చాటున, గాలి తగలని వైపు నిలబడి ఆయన నోటుపుస్తకం తెరిచారు. మూడు రాత్రులు కూర్చుని అన్నీ రాశారు, నేను శుక్రవారం వెనక్కి వెళ్ళిపోయిన విమానం శబ్దం మబ్బు మీంచి వినిపించినప్పుడే మొదలుపెట్టారట. పంపు గొట్టం ఏ కొస ఎటు రావాలి. టేపు చుట్ట మార్చేటప్పుడు పలచటి తొడుగు వేసుకోవాలి, చేతి నూనె అంటితే లెక్క చెడుతుంది. భోజనం అందరికీ ఒకే చోట, వేళకి వెళ్ళకపోతే ఉండదు. ఏ భవనంలోకి వెళ్ళినా బూట్లు గుమ్మంలో విప్పాలి. తుపాకీ శిక్షణ అయ్యేదాకా ఊరి హద్దు దాటకూడదు. ఎలుగుబంటి కనిపిస్తే దగ్గరున్న తలుపు తోసుకుని లోపలికి వెళ్ళిపోవడమే, ఎవరూ తాళాలు వేయరు.

నేను జేబులోంచి పొట్లం తీసి ఇచ్చాను. విప్పి చూసి, ఒక్క క్షణం మాట్లాడలేదు. “బేవు బెల్ల” అన్నారు, కన్నడంలో వేపా బెల్లం. తొడుగు పళ్ళతో లాగి తీసేసి, బెల్లం ముక్క గోటితో గిల్లి, రెండు పువ్వులు అద్ది నోట్లో వేసుకున్నారు. “నిన్న మెస్‌లో చక్కెర తిన్నాను, చేదు దొరకలేదు” అన్నారు. అదే చేత్తో కలం తీసుకుని ఇంకో సంగతి గుర్తొచ్చి పుస్తకంలో రాయడం మొదలుపెట్టారు. పైలట్ చెయ్యి ఊపాడు. ఆయన రాస్తూనే నడిచారు, మెట్ల దగ్గర పుస్తకం నా చేతిలో పెట్టి ఎక్కేశారు.

డోర్నియర్ మోత ఫ్యోర్డ్ అంతా తిరిగి, కొండల్లో ఆగిపోయేదాకా నిలబడ్డాను. తర్వాత వ్యాను ఎక్కాను.

హిమాద్రిలో సంచి పడేసి, పెట్టె పట్టుకుని గ్రూవెబాడెట్‌కి నడిచాను. పాత పంపు తీయడానికి ఇరవై నిమిషాలు, కొత్తది బిగించడానికి గంట పైనే పట్టింది. గొట్టం ఒక కొస దగ్గర నాకు అనుమానం వచ్చింది. పుస్తకం చివరి పేజీ తీశాను, ఆయన మెట్ల మీద రాసింది సరిగ్గా దాని గురించే. బాణం గుర్తు వేసి, “నీలం కొస పైకి” అని. అక్షరాలు గాలికి వంకర్లు పోయాయి. పేజీ మూలన బొటనవేలి ముద్ర ఉంది, బెల్లం జిగురుతో. నీలం కొస పైకి పెట్టి మీట నొక్కాను. 5:10కి మొదటి అంకె వచ్చింది.